కప్పులు తిరిగొచ్చే బండి

డిసెంబరు 9

ఉత్తరం తప్ప ఇంకేదీ రాయడం నాకు రాదు. అందుకని ఉత్తరంలాగే మొదలుపెడతాను. ముందు అందరి క్షేమం.

నా కూతురు అంపారోకి నడుం నొప్పి అలాగే ఉంది, కానీ నా మీద అరవడానికి ఓపిక ఉంది కాబట్టి ఫరవాలేదు. మనవరాలు యాదిరాకి దగ్గు తగ్గింది. తగ్గిందని అదంటుంది, గోడ అవతల నుంచి నాకు వినిపిస్తూనే ఉంది. నల్లకోడి గుడ్లు మానేసింది, చలికే అయి ఉండాలి. పొయ్యికి కుడివైపు బీట పెరిగింది. నా మోకాళ్ళు మామూలే. మా ఆయన నికనోర్ సమాధి మీద శిలువ ఒరిగిందట, వెళ్ళి చూడాలి. పోయినవాళ్ళ క్షేమం అడగకూడదని ఎక్కడా లేదు కదా.

ఎర్లిందా ఎలా ఉందో తెలియదు.

ఈ పుస్తకం యాదిరా ఇచ్చింది. "అమ్మమ్మా, నీ భయాలన్నీ అమ్మ చెవిలో పోస్తే అమ్మకి తలనొప్పి, నా చెవిలో పోస్తే నాకు నిద్రుండదు. ఇందులో రాసుకో. పుస్తకానికి తల లేదు, నొప్పీ రాదు" అంది. దానికి నోరెక్కువ. రెండో తరగతితో ఆగిపోయిన చేతికి పెన్ను చేపపిల్లలా జారుతోంది.

జరిగేదంతా మొదటినుంచీ రాసి చూసుకుంటాను. నా తప్పు ఎక్కడుందో దొరుకుతుందేమో.

పొద్దున రైలుబండి మా ఊరు సాంతా రీతాలో ఆగుతుంది. నేను కిటికీల కింద నడుస్తూ కాఫీ అందిస్తాను. దాల్చినచెక్కా బెల్లమూ వేసి కుండలో మరిగించిన కాఫీ. బండి ఆగేది కాసేపే, కాఫీ నాలుక కాలే వేడి. ఇక్కడే తాగి కప్పు ఇచ్చేయడం ఎవరివల్లా కాదు. అందుకని మట్టికప్పు చేత్తో పట్టుకునే కొండెక్కుతారు. పైన ఎల్ ఎన్సినో స్టేషన్లో ఎర్లిందా బుట్ట పట్టుకుని కిటికీల కింద నడుస్తుంది. ఖాళీ కప్పులు బుట్టలో వేయించుకుని, తన ఆపిల్ కజ్జికాయలు అమ్ముకుంటుంది. తరవాత నా కప్పులన్నీ కడిగి, పిండిసంచిలో గడ్డి మధ్య సర్ది, సాయంత్రం కొండదిగే బండికిస్తుంది. మర్నాడు పొద్దున అవే కప్పుల్లో మళ్ళీ కాఫీ. నా జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచీ ఇంతే.

ఇన్నేళ్ళలో ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. బండికి వండిపెట్టేవాళ్ళు బండెక్కరు. ఎక్కితే ఆ రోజు పొయ్యి ఎవరు చూస్తారు? ఆవిడ బండికి ఆ కొసన, నేను ఈ కొసన. కానీ సంచిలో అన్నిటికంటే పైనున్న కప్పులో ఏదో ఒకటి పెట్టి పంపుతుంది. నీలం బొత్తాం, ఎర్రదారం, పిట్ట ఈక. నేను కిటికీ దగ్గర కూర్చున్న ఎవరో ఒకరి చేతిలో దాల్చినచెక్కో, రెండు ఎండు అంజూరపళ్ళో పెట్టి, కప్పులు పుచ్చుకునే ఆమెకివ్వండి అంటాను. ఇస్తారు. ఒక్కరూ తినేయలేదు.

ఇప్పుడేమో కప్పులు సరిగా కడగకుండా వస్తున్నాయి. అడుగున బెల్లం అంటుకుని ఉంటోంది. అంచు మీద ఎవరిదో పెదవి రంగు. సంచి ముడి కూడా ఆవిడ వేసే ముడి కాదు, ఏదో ముద్దలా చుట్టేసిన ముడి.

అలిగింది. కారణం నాకు తెలుసు. శరదృతువులో ఒకసారి యాదిరా పట్నం నుంచి తెల్ల థర్మాకోల్ కప్పులు తెచ్చింది. "తాగి పారేస్తారు అమ్మమ్మా, కడిగే పని లేదు, పగిలే భయం లేదు" అంది. ఒక్క పొద్దున వాటిలో పోశాను. ఆ రోజు ఎర్లిందా ఖాళీ బుట్టతో బండి పొడుగునా నడిచి ఉంటుంది. ఇక నీ అవసరం లేదు పొమ్మని నేను అన్నట్టే కదా అది.

డిసెంబరు 10

సంచి వచ్చింది. పై కప్పులో పుదీనా రెమ్మ. దారం లేదు.

డిసెంబరు 12

మాత పండుగ. బండి కిటికీల నిండా పూలు. కాఫీ ఆవిరీ పొగమంచూ కలిసిపోయి మనుషుల ముఖాలు కనపడలేదు, చేతులే కనపడ్డాయి. ఉత్త చేతులు, ఆ తెల్లదనంలోంచి చాచుకుని వస్తాయి, కప్పు పుచ్చుకుని మాయమవుతాయి. బండి వెళ్ళిపోయాక కూడా చాలాసేపు చేతులు చాచినట్టే ఉంది. ఖాళీ గాలికి కప్పు అందించబోయానట. అంపారో చూసి నవ్వింది.

డిసెంబరు 15

బండి గార్డు తిబుర్సియో సంచి దించాడు. మీసం నెరిసినా ఇంకా కుర్రచేష్టలే, నన్ను మాత్రం పేరుకి ముందు దోన్యా అని తగిలించి మర్యాదగా పిలుస్తాడు. అడిగాను.

"ఎర్లిందా ఎలా ఉందిరా?"

"ఉంది."

"ఉందంటే?"

"నిలబడి ఉంది దోన్యా తోలా. కూర్చుని ఉంటే కూర్చుందనే చెప్పేవాణ్ణి."

"నా మీద కోపంగా ఉందా?"

"ఆవిడకెందుకు కోపం? కోపం నాకుండాలి. నిన్న మీ కాఫీకి నాలుక పొక్కింది. మా ఆవిడ సంతోషించింది, రాత్రంతా నేను మాట్లాడలేదని."

నవ్వాడు కానీ నా కళ్ళలోకి చూడలేదు. అబద్ధమాడేటప్పుడు వాడు జెండా కర్ర వంక చూస్తాడు. చూశాడు.

తరవాత, "ఇంకో సంగతి. గాభరా పడనంటేనే చెబుతా" అన్నాడు.

"పడకుండా ఎలా ఉంటాను?"

"అదీ నిజమే. ఈ బండి జనవరి ఆఖరు వరకే. ఆ తరవాత సరుకు బండ్లే తిరుగుతాయి. మనుషుల బండి ఉండదు."

"ఎవరన్నారు?"

"పైనుంచి కాగితం వచ్చింది."

"కాగితాలు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి."

"ఈసారి టోపీ కూడా తిరిగిచ్చేయమన్నారు దోన్యా తోలా."

ఇంటికెలా వచ్చానో గుర్తులేదు. ఎల్ ఎన్సినోకి ఇక్కణ్ణించి తిన్నగా రోడ్డు లేదు, మధ్యలో లోయ. బస్సెక్కితే కొండ చుట్టూ తిరిగి, పట్నంలో ఒక రాత్రి ఉండి వెళ్ళాలి. బండి ఆగితే సంచి ఆగుతుంది. ఆవిడ కోపం ఎప్పటికీ కోపంలాగే ఉండిపోతుంది. జనవరి లోపల తీరాలి.

డిసెంబరు 16

ఎక్కువ దాల్చినచెక్క పంపాను. పెద్ద ముక్క.

డిసెంబరు 17

పై కప్పులో గరుకురాయి ఒకటి. రాయి పంపింది నాకు.

డిసెంబరు 23

మధ్యాహ్నం కునుకులో పాత బండి వచ్చింది. భోజనాల పెట్టె ఉన్న రోజుల బండి. బల్లల మీద తెల్లగుడ్డలు, వెండి మూతలు, గాజు గ్లాసులో గులాబీ. ఆ పెట్టెలో అన్నీ ఉండేవి, అయినా లావుపాటి వంటాయన వెనక కిటికీలోంచి చెయ్యి చాచి నా కాఫీయే పుచ్చుకునేవాడు. కలలో ఆ పెట్టెలో మనుషులు లేరు. ప్రతి కుర్చీలో ఒక మట్టికప్పు కూర్చుని ఉంది. నా కప్పులే. అన్నీ నా వంక చూస్తున్నాయి. చివరి బల్ల దగ్గర ఒకావిడ నాకు వీపు చేసి కూర్చుంది. పిలుద్దామంటే నోట్లో వేడి కాఫీ ఉంది.

కలలో ఎర్లిందా ముఖం ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఒకసారి మా అమ్మలా ఉంటుంది, ఒకసారి బడిపంతులమ్మలా. చేతులు మాత్రం మారవు.

డిసెంబరు 31

అంపారో నడుం కాస్త నయం. కోడి ఒక గుడ్డు పెట్టింది. దాని గుడ్డుకి కూడా దిగులుపడ్డాను, పెంకు పల్చగా ఉంది.

జనవరి 6

ముగ్గురు రాజుల పండుగ. రోస్కా రొట్టె నేనే చేశాను, చక్రంలా గుండ్రంగా, పైన ఎండుపళ్ళు. లోపల మా అమ్మనాటి పింగాణీ పాపడి బొమ్మ పెట్టాను, వేలి గోరంత ఉంటుంది. పక్కింటివాళ్ళూ వచ్చారు. అందరూ తలో ముక్కా కోసుకున్నారు.

బొమ్మ నా పంటికే తగిలింది.

బొమ్మ వచ్చినవాళ్ళు ఫిబ్రవరి రెండున కాందెలారియా పండుగ రోజున అందరికీ తమాలెలు పెట్టాలి. మొక్కజొన్న పిండి రుబ్బి, పొట్టుల్లో చుట్టి, ఆవిరి మీద ఉడికించి, ఇంటిల్లిపాదినీ పక్కింటివాళ్ళనూ కూర్చోబెట్టి వడ్డించాలి. బండి ఆగిపోయిన రెండో రోజే ఆ పండుగ. ఏ ముఖంతో నలుగుర్నీ పిలవను? బొమ్మని బుగ్గలో దాచుకున్నాను.

"బొమ్మ ఎవరికొచ్చింది?" అంది అంపారో.

అందరూ తమ ముక్కలు విరిచి చూసుకున్నారు.

"అమ్మమ్మా, నువ్వేంటి మాట్లాడవు?" అంది యాదిరా.

"పన్ను సలుపుతోంది."

"ఇందాకటిదాకా లేదుగా."

"ఇప్పుడే వచ్చింది."

పక్కింటాయన, "అయితే ఈ ఏడు కోడి మింగేసి ఉంటుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను, మింగేస్తానేమోనని భయమేసి మానేశాను. తరవాత ఎవరూ చూడకుండా బొమ్మని పై అరలో చెవి విరిగిన కప్పులో వేశాను. ఆ కప్పు ఎవరూ తియ్యరు.

జనవరి 7

తీశారు.

సంచిలో రెండు కప్పులు పగిలి వచ్చాయట, చాల్లేదని అంపారో పై అరలోది కూడా దించింది. చీకట్లోనే కాఫీ పోసేసింది. బండి వెళ్ళిపోయాక అర చూసుకుంటే కప్పు లేదు.

"ఎవరికిచ్చావు?"

"బూడిదరంగు టోపీ ఆయనకి. చెవి లేకపోయినా ఫరవాలేదన్నాడు. ఏమైందమ్మా, దయ్యం పట్టినట్టు చూస్తావేం?"

"ఏం లేదు."

బూడిదరంగు టోపీ ఆయన గటగటా తాగే మనిషైతే? అడుగున బెల్లం ఉందనుకుని నోట్లోకి వంపుకుంటే? గొంతులో అడ్డం పడితే కొండ మీద డాక్టరు కూడా లేడు. ఆయనకి పిల్లలున్నారేమో.

జనవరి 8

నిన్న సాయంత్రం సంచిలో చెవి విరిగిన కప్పు వచ్చింది. శుభ్రంగా ఉంది. ఈమధ్య వచ్చినవాటిలో ఇంత శుభ్రంగా కడిగినది ఇదొక్కటే, పాతరోజుల్లోలా. బొమ్మ లేదు.

అంటే మింగేశాడు.

జనవరి 9

రేడియోలో బూడిదరంగు టోపీ గురించి ఏమీ చెప్పలేదు.

జనవరి 10

పై కప్పులో ఎండు మొక్కజొన్న పొట్టు, నీటుగా మడిచి ఉంది. పుదీనా లేదు, రాయి లేదు. సర్దడానికి గడ్డి అయిపోయి ఉంటుంది పాపం. పొయ్యిలో వేశాను.

స్టేషనుకి పోలీసు వచ్చాడు. టోపీ ఆయన గురించే అనుకుని అడక్కుండానే కప్పు అందించాను. కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

జనవరి 12

తిబుర్సియో సంచి భుజాన వేసుకుని దిగాడు. దిగుతూనే, "దోన్యా తోలా, ఆవిడ జవాబడుగుతోంది. పొట్టు పంపితే పలకదేం, అంత గొప్పదైపోయిందా అంది" అన్నాడు.

"దేనికి జవాబు?"

"తమాలెలకి. బొమ్మ ఆవిడకి వచ్చిందిగా. కాందెలారియా భోజనం ఆవిడ పెట్టాలిగా. మిమ్మల్ని రమ్మంటోంది."

బల్ల మీద కూర్చున్నాను.

"బూడిదరంగు టోపీ ఆయన బతికే ఉన్నాడా?"

"ఏ టోపీ? నా టోపీ సంగతే నాకు తెలియకుండా ఉంది."

"ఆ బొమ్మ..."

"కప్పు అడుగున వేలికి తగిలిందట. ముందు దాల్చినచెక్క ముక్కే అనుకుందట. తడిమితే ముక్కు తగిలింది, తరవాత బొజ్జ. బుట్ట కింద పెట్టి అక్కడే కూలబడిపోయింది. నేను పరిగెత్తాను, పడిపోయిందనుకుని. చూస్తే నవ్వుతోంది, ఏడుస్తోంది. 'తోలా తన రోస్కాలో నాకూ ఒక ముక్క కోసింది' అని నాకు చెప్పింది. మళ్ళీ చెప్పింది. ఇంజను డ్రైవరుకి కూడా చెప్పింది, ఆయనెవరో ఆవిడకి తెలియదు."

"తడమడం ఏమిటి? కళ్ళు పెట్టి చూసుకోవచ్చుగా?"

తిబుర్సియో జెండా కర్ర వంక చూడలేదు. తిన్నగా నా వంకే చూశాడు.

"కళ్ళు లేవు దోన్యా తోలా. వానల నుంచీ మసక మసగ్గా ఉండేది. ఇప్పుడు వెలుతురొక్కటే తెలుస్తుంది. బండి పెట్టెల మీద చెయ్యి రాసుకుంటూ నడుస్తుంది, జనమే బుట్టలో వేస్తారు."

"నాకెందుకు చెప్పలేదురా?"

"ఒట్టు వేయించుకుంది. తెలిస్తే తోలా జాలిపడి మళ్ళీ ఆ తెల్లకప్పుల్లో పోస్తుంది, అప్పుడు నేను బండి దగ్గరికి ఎందుకెళ్ళాలి, అంది."

ఆ బొమ్మ నేను పంపింది కాదని, దాచుకున్నది పొరపాటున వెళ్ళిందని చెప్పాలని నోటిదాకా వచ్చింది. సంచి తీసుకుని వచ్చేశాను.

జనవరి 13

ఆవిడ పంపినవన్నీ డబ్బాలోంచి తీసి బల్ల మీద పరిచాను. ఈక, బొత్తాం, దారం, అన్నీ రంగులు. వానల తరవాతవి వేరు. పుదీనా, వాము, గరుకురాయి, నున్నటి గింజ, గొర్రెబొచ్చు ఉండ. కళ్ళు మూసుకుని ఒక్కొక్కటీ పట్టుకుని చూశాను.

రాయి చాలా బాగుంది. లోపల ఎండ దాచుకున్నట్టు వెచ్చగా ఉంది.

జనవరి 15

ఇంట్లో చెప్పాను. బొమ్మ సంగతి కూడా చెప్పాను. యాదిరా నవ్వి నవ్వి దగ్గు తెప్పించుకుంది.

అంపారో నవ్వలేదు. "కాందెలారియా రెండో తారీకు. బండి ముప్పై ఒకటితో సరి. ఎక్కి వెళ్తావు బాగానే ఉంది, తిరిగెలా వస్తావు?"

"నేను వెళ్తానన్నానా?"

"చెప్పే తీరులోనే ఉంది."

"బస్సు ఉందిగా," అంది యాదిరా. "చుట్టూ తిరిగి నేనొచ్చి తీసుకొస్తా. పట్నంలో మా స్నేహితురాలింట్లో పడుకోవచ్చు."

"బస్సులో ఈవిడకి కడుపులో తిప్పుతుంది."

"బండిలో తిప్పదా?"

"తెలియదు," అన్నాను. "ఎప్పుడైనా ఎక్కితే కదా."

ఇద్దరూ నా వంక చూశారు. ఇంత బతుకూ బండి పక్కనే బతికిన మనిషి అని వాళ్ళకి అప్పుడే తట్టినట్టుంది.

జనవరి 18

వెళ్ళను.

జనవరి 19

వెళ్ళను. కొండ మీద చలి ఎక్కువ, నా మోకాళ్ళు బిగుసుకుంటాయి. వంతెన పాతది. వంతెన కింద లోయ ఉందట, తిబుర్సియో చెబుతాడు, అడుగు కనపడదట. అదీగాక ఆఖరి రోజు కాఫీ ఎవరిస్తారు? అదీగాక నా ముఖం చూసి ఆవిడ ఏమనుకుంటుందో. ఇన్నేళ్ళు నన్ను ఎలా ఊహించుకుందో.

రాశాక గుర్తొచ్చింది. ఆవిడ నా ముఖం చూడదు.

జనవరి 20

అయినా వెళ్ళను.

జనవరి 24

పై కప్పులో మళ్ళీ పొట్టు. ఈసారి పొయ్యిలో వెయ్యలేదు. దిండు కింద పెట్టుకున్నాను, ఒత్తిగిలినప్పుడల్లా గలగలమంటోంది.

జనవరి 26

తెల్లవారుజామున కుండలో కాఫీ పొంగేదాకా చూస్తూ నిలబడ్డాను. ఆవిరిలోంచి బండి వచ్చింది, చప్పుడు లేకుండా. నిజం బండి రావడానికి ఇంకా చాలా టైముంది. ఇది అద్దాల కిటికీలతో తేలుతూ వచ్చింది, మేఘం పట్టాల మీద దిగినట్టు. ఒక కిటికీలో నేను కూర్చుని ఉన్నాను. చేతిలో కప్పు. తాగుతున్నాను, తొందరేమీ లేకుండా. వయసు కూడా ఏదీ లేదు నాకు. కిటికీలోని నేను కిందనున్న నన్ను చూసి, నువ్వు కలిపిన కాఫీ కొండ మధ్యలోకొచ్చేసరికి సరిగ్గా తాగే వేడికి వస్తుంది తెలుసా, అంది. తెలియదు. నాకెలా తెలుస్తుంది? ఎప్పుడూ ఇక్కడి వేడే కదా నాకు తెలిసింది. అక్కడి రుచి ఎర్లిందాకీ తెలియదు, ఆవిడకి అడుగులే మిగులుతాయి. మేమిద్దరం చేసినది ఎలా ఉంటుందో మా ఇద్దరికీ తప్ప అందరికీ తెలుసు.

కుండ పొంగి పొయ్యి ఆరిపోయింది. అంపారో తిట్టింది.

జనవరి 28

తిబుర్సియోతో చెప్పాను.

"వస్తానని చెప్పు."

"ఎవరికి?" అన్నాడు, తెలిసీ.

"ఇంజను డ్రైవరుకి చెప్పు పోనీ."

"ఆయన ముందే పందెం కాశాడు మీరు రారని. నాకు మంచి రాబడి."

"పొట్టులు తీసుకురమ్మంటోందా?" అన్నాను.

"మీరు అలా అడుగుతారని కూడా చెప్పింది. పొట్టులున్నాయట. మీరు కాఫీ కుండ తెచ్చుకోమంది. కడిగిన కప్పులు బోలెడున్నాయి, పోసేవాళ్ళే లేరు, అంది."

జనవరి 29

బొమ్మ సంగతి అక్కడ చెప్పాలా వద్దా అని రోజంతా. యాదిరా, "చెప్పు, నవ్వుతుంది" అంటుంది. అంపారో, "చెప్పకు, ఆవిడ సంతోషం ఆవిడకుండనీ" అంటుంది. పిండి చుట్టేటప్పుడు చేతులు పనిలో ఉంటాయి. అప్పుడు చెబుతాను. లేకపోతే చెప్పను.

జనవరి 30

ఉత్తరం క్షేమంతో మొదలవుతుంది, క్షేమంతో ముగియాలి. అంపారో నడుం బాగుంది, నా మూటలు తనే కట్టింది, విప్పి మళ్ళీ కట్టింది. యాదిరా దగ్గు ఈసారి నిజంగానే తగ్గింది. కోడికి గింజలు ఎన్ని వెయ్యాలో చెప్పాను, అది వినలేదు, కోడి కాదు, యాదిరా. నికనోర్ శిలువ నిలబెట్టించాను. పొయ్యి బీటకి మట్టి మెత్తాను, ఆరేదాకా ఎక్కువ మంట పెట్టొద్దన్నాను.

రేపు కాఫీ యాదిరా ఇస్తుంది. వేడి తగ్గించకు అని చెప్పాను. తగ్గిస్తే ఇక్కడే తాగేసి కప్పులిచ్చేస్తారు, పైన బుట్ట ఖాళీగా ఉంటుంది. అన్నీ మట్టికప్పుల్లోనే పొయ్యమన్నాను, పై అరలో చెవి విరిగినది కూడా. అది నాది. నా కప్పు మాత్రం కింద నిలబడి అందించదట, ముందు బండెక్కి నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి చేతికిస్తుందట. సరే అన్నాను.

వంతెన మీద కళ్ళు మూసుకుంటాను. ఎల్ ఎన్సినోలో బుట్ట నా కిటికీ కిందికి వచ్చినప్పుడు ఏమీ మాట్లాడను, కప్పు ఆవిడ చేతికే ఇస్తాను. చెవి లేని కప్పు, వేలికి తెలుస్తుంది. తెలియకపోతే అప్పుడు నా పేరు చెబుతాను.

రేపటి కప్పులు సాయంత్రం బండిలో రావు, పండుగయ్యాక యాదిరా వచ్చి నన్ను బస్సులో తీసుకొచ్చేటప్పుడు నాతోనే వస్తాయి. తిబుర్సియో రెండు మాటలు అడిగి వచ్చి చెప్పాడు. ఆవిడ దగ్గర నాకు మంచం వేశారు. భోజనం ఫిబ్రవరి రెండో తారీకు, కాందెలారియా రోజు, మధ్యాహ్నం.